చౌకగా మొదటి భర్మార్ తుపాకీ కొందామనుకుంటున్నరా? ముందు మా తాత తుపాకీ కథ వినుండ్రి

నేను వేములవాడ నుంచే మాట్లాడుతున్న. వెనక గంటల చప్పుడు వస్తే ఏమనుకోకుండ్రి, సోమవారం కదా, రాజన్న గుడి దిక్కు కోడె మొక్కు చెల్లించెటోళ్ళతోని రోడ్డంతా నిండింది. కిటికీ మూసినా వినపడుతుంది.

ఇయ్యాల టాపిక్ కొంచెం వేరే. తుపాకీ. అందులోనూ భర్మార్, అంటే మూతి దిక్కు నుంచి మందు పోసి, గుండు దట్టించి పేల్చేది. ఇంగ్లీషోళ్ళు మజిల్ లోడర్ అంటరు. "మొదటిసారి కొనేటోనికి తక్కువ ధరలో ఏది మంచిది" అన్నది ప్రశ్న. ఈ ప్రశ్న నన్ను అడిగింది ఎవరో కాదు, మా చిన్నబాపు కొడుకు. వాని పేరు చెప్ప, తమ్ముడు అనే అంటా.

మావాళ్ళది కోనరావుపేట దిక్కు ఊరు. గుట్టలు, కొంచెం అడవి. మూడెకరాల మక్క చేను. కంకి పాలు పోసుకునే టైముకు అడవి పందులు దిగినయి. పొద్దుగాల అయిదు గంటలకు తమ్ముడు వీడియో కాల్ చేసిండు. ఫోను తిప్పి చూపెడుతుంటే నాకు ముందు అర్థం కాలే, చేను మీద రోడ్డు రోలర్ తోలినట్టు పండి ఉన్నది. పంది కంకి తిని పోదు, చెట్టును అడ్డం పడగొట్టి, సగం నమిలి, ఇంకోదాని మీద పడుతది. వాడు ఏడుస్తలేడు గానీ గొంతు మాత్రం మారింది. "అన్నా, ఒకాయన భర్మార్ ఇస్తా అంటున్నడు. 12 వేలు. నువ్వు ఇంజనీర్‌వి కదా, చూసి చెప్పు, మంచిదేనా?"

నేను బీటెక్ చదివిన, హైదరాబాద్‌లో నాలుగేండ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసిన. తుపాకీ ఇంజనీర్‌ను కాదు. కానీ ఊర్లల్ల బీటెక్ అంటే మోటరు కాలినా మనమే, మిక్సీ ఆగినా మనమే. ఆ శనివారం బండేసుకొని పోయిన.

పోయినంక తెలిసింది ఏందంటే, ఇంట్ల ఆల్రెడీ ఒక తుపాకీ ఉన్నది. మా తాతది. చిన్నప్పుడు గోడకు ఉండేది, నాకు గుర్తే. తాత పోయినంక దాన్ని గోనెసంచిల చుట్టి అటక మీద పెట్టిండ్రు. తమ్ముడు ప్లాన్ ఏందంటే, తాతది పనికొస్తే అదే వాడుతడు, లేకుంటే ఆ 12 వేల దాన్ని తెస్తడు. అటక మీది నుంచి దించి మంచం మీద పెట్టిండు. పెట్టి, చిన్నపిల్లల లెక్క, సుత్తి వెనక్కి గుంజి, ట్రిగ్గర్ నొక్కుదామని చూస్తున్నడు. మూతి ఎటు ఉన్నదో తెలుసా? వంటింటి దిక్కు. చిన్నమ్మ అక్కడ చాయ్ పెడుతున్నది.

ఇగ ఇక్కడ ఆగి ఒక్క విషయం చెప్పాలె. ఈ ఎపిసోడ్‌ల మీరు వేరే ఏదీ గుర్తు పెట్టుకోకున్నా సరే, ఇది మాత్రం పెట్టుకోండ్రి. మామూలు తుపాకీల తూటా ఉన్నదా లేదా అని వెనక తెరిచి చూడొచ్చు. భర్మార్‌ల అట్లా కుదరదు. దానికి వెనక తలుపే లేదు, గొట్టం వెనక భాగం బిరడా బిగించి మూసేసి ఉంటది. లోపల మందు ఉన్నదా లేదా అనేది బయటికి ఏమీ కనపడదు. చూసే పద్ధతి ఒక్కటే, దాని కిందనే ఉండే దట్టించే కడ్డీ. మొఖం, చేతులు మూతికి అడ్డం రాకుండా పక్కకు ఉండి, ఆ కడ్డీని నిదానంగా లోపలికి జారవిడిచి, మూతి దగ్గర గుర్తు పెట్టాలె. బయటికి తీసి గొట్టం పక్కన పట్టి చూడాలె. ఖాళీగా ఉంటే కడ్డీ కొన దాదాపు వెనక చివరిదాకా, టోపీ పెట్టే నిపుల్ దగ్గరిదాకా చేరుతది. చేరకుండా ముందే ఆగిందంటే లోపల ఏదో ఉన్నట్టే.

మాది నాలుగు వేళ్ళ ముందే ఆగింది.

నాకు చేతులు చల్లబడ్డయి. తాత దాన్ని ఎప్పుడు నింపిండో ఎవరికీ తెల్వది. చిన్నబాపు లెక్క ప్రకారం చివరిసారి పేల్చింది తాను పదో తరగతిల ఉన్నప్పుడు. అంటే ముప్పై ఏండ్ల పైమాట. "అంత పాతది, ఇగ పేలుతదా?" అన్నడు తమ్ముడు. పేలుతది. నల్లమందు అంటే సురేకారం, బొగ్గు, గంధకం. తడి తగలకపోతే అది పాలు విరిగినట్టు విరగదు. 2008ల అమెరికాల వర్జీనియా రాష్ట్రంల ఒకాయన ఇంటి దగ్గర పాత ఫిరంగి గుండును శుభ్రం చేస్తుంటే అది పేలి చనిపోయిండు. ఆ గుండు వాళ్ళ అంతర్యుద్ధం నాటిది, అంటే 1860లల్లది. దాదాపు నూట నలభై ఏండ్ల మందు మనిషిని చంపింది. మా తాతది దాని ముందు నిన్నమొన్నటిది.

మేం ఏం చేసినమో తర్వాత చెప్తా. ముందు అసలు ప్రశ్న, కొనుడు సంగతి.

భర్మార్ అనే మాట విన్నప్పుడు మనకు పేపర్‌ల వచ్చే వార్తే గుర్తొస్తది, "రెండు భర్మార్లు, ఒక తపంచా స్వాధీనం" అని. కానీ మన దిక్కు దాని చరిత్ర పెద్దది. ఆదిలాబాద్ అడవుల్ల, జోడేఘాట్‌ల 1940ల కొమరం భీమ్ వెంట ఉన్న గోండులు నిజాం పోలీసుల ముందు నిలబడ్డది ఇసుంటి నాటు తుపాకులతోనే. తర్వాత తెలంగాణ సాయుధ పోరాటంల దళాల చేతుల మొదట్ల ఎక్కువ ఉన్నదీ భర్మారే. ఇంకా వెనక్కి పోతే 1857. స్కూల్ల చదివినం కదా, కొవ్వు పూసిన తూటాలు, పంటితోని కొరకాలె అని. ఎందుకు కొరకాలె అని ఎప్పుడన్న ఆలోచించిండ్రా? నేను ఆలోచించలే. ఆ ఎన్‌ఫీల్డ్ 1853 మోడల్ రైఫిల్ మజిల్ లోడరే. తూటా అంటే కాగితం పొట్లం. దాన్ని పంటితోని చింపి, మందును మూతిల పోసి, గుండును దట్టించాలె. ఆ లొల్లి అంతా మజిల్ లోడింగ్ రైఫిల్ వాడే పద్ధతి మీదనే మొదలైంది. 1878ల బ్రిటిషోళ్ళు ఆయుధాల చట్టం తెచ్చి మనోళ్ళ చేతుల నుంచి తుపాకులు గుంజుకున్నరు. ఇప్పుడున్నది 1959 చట్టం.

అన్నట్టు "రైఫిల్" అనే మాటకు అర్థం చెప్పాలె. గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్ళు ఉంటే రైఫిల్. గుండు గిర్రున తిరుగుకుంట పోతది, బొంగరం లెక్క, అందుకే సూటిగా పోతది. గాళ్ళు లేకుండా నున్నగా ఉంటే స్మూత్ బోర్. మన ఊర్లల్ల కనపడే భర్మార్లు దాదాపు అన్నీ నున్నటివే. ఇది చిన్న తేడా కాదు, చట్టంల కూడా తేడానే.

చట్టం అంటే చాలామంది వీడియో ముందుకు జరుపుతరు. జరపకుండ్రి, ఇక్కడ మనకు పనికొచ్చే ముచ్చట ఉన్నది. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌ల, పంట కాపాడుకోనీకి నిజంగా అవసరమున్న రైతుకు మజిల్ లోడింగ్ తుపాకీ లైసెన్స్ ఇవ్వాలె అని పేరు పెట్టి మరీ రాసి ఉన్నది. భర్మార్ సరిపోదు అని అధికారికి అనిపిస్తే వేరే స్మూత్ బోర్ తుపాకీకి కూడా ఇవ్వొచ్చు. అంటే పంట రక్షణకు భర్మార్ అడుగుడు మనం దొంగచాటుగా చేసే పని కాదు, చట్టం గుర్తించిన అవసరం. రైఫిల్ అయితే వేరే లెక్క, తగిన కారణం ఉన్నదని అధికారిని ఒప్పించాలె.

కాబట్టి మన దేశంల బిగినర్‌కు మొదటి ప్రశ్న "ఏ తుపాకీ" కాదు. లైసెన్స్. తుపాకీ దాని తర్వాత. వయసు 21 నిండాలె. దరఖాస్తు ఆన్‌లైన్‌ల పెట్టొచ్చు, మన జిల్లాల అయితే కలెక్టర్ దగ్గరికి, పోలీస్ కమిషనరేట్ ఉన్న చోట కమిషనర్ దగ్గరికి పోతది. పోలీస్ ఎంక్వైరీ ఉంటది. భద్రంగా పెట్టే ఏర్పాటు చూపాలె, వాడే శిక్షణ తీసుకోవాలె. 2019ల చట్టం మార్చినంక లైసెన్స్ గడువు మూడేండ్ల నుంచి అయిదేండ్లయింది. టైం పడుతది, కొందరికి రాదు కూడా. ఆ విషయం దాచి మీకు ఉత్సాహం ఎక్కించుడు నాకు ఇష్టం లేదు.

మరి ఆ 12 వేల తుపాకీ? దానికి లైసెన్స్ లేదు, నెంబర్ లేదు, ముద్ర లేదు. ఎవరో చేసిచ్చింది. లైసెన్స్ లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకుంటే ఇప్పుడు కనీసం రెండేండ్లు, అయిదేండ్ల దాకా జైలు. లైసెన్స్ లేకుండా తయారు చేసి అమ్మినోనికి ఏడేండ్ల నుంచి యావజ్జీవం దాకా. తమ్ముడు అన్నడు, "మక్క చేను మొత్తం పోతే నాకు వచ్చే నష్టం ఎంతో తెలుసా అన్నా?" తెలుసు. ఎకరానికి విత్తనం, యూరియా, కూలీ, వాడు వేళ్ళ మీద లెక్క చెప్పిండు. నేను ఇంకో లెక్క చెప్పిన. కేసు అయితే వకీలు ఫీజు, వాయిదాలకు తిరుగుడు, రేపు వాడు పోలీస్ కానిస్టేబుల్ పరీక్ష రాస్తా అంటున్నడు కదా, దాంట్ల వెరిఫికేషన్. వాడు కొంచెంసేపు సప్పుడు చేయలే.

జైలు ఒక్కటే కాదు భయం. గొట్టం. ఇది నాకు టెస్టర్‌గా అలవాటైన ఆలోచన: ఏది ముందు ఫెయిల్ అయితది? భర్మార్‌ల మందు మండితే పుట్టే ఒత్తిడి అంతా గొట్టం వెనక భాగం మీద, అంటే మీ మొఖానికి జానెడు దూరంల పడుతది. కంపెనీల చేసిన తుపాకీని ఎక్కువ మందు వేసి పరీక్షించి, తట్టుకుంటేనే ప్రూఫ్ ముద్ర వేస్తరు. నీళ్ళ పైపో, బండి స్టీరింగ్ రాడ్డో తెచ్చి చేసినదానికి ఆ పరీక్ష ఎవరు చేస్తరు? కొన్నోడే చేస్తడు, మొదటిసారి పేల్చినప్పుడు. దానికి తోడు మనోళ్ళు మందు దొరకక పటాకులు విప్పి పోస్తరు. తమ్ముళ్ళూ, పటాకుల మందు నల్లమందు కాదు. అది కాలే వేగం వేరు. అట్లనే కొత్త తూటాల్ల ఉండే పొగరాని మందు కూడా భర్మార్‌ల పోయొద్దు, ఒక్క చెంచాడు కూడా. మంచి కంపెనీ గొట్టం కూడా పగులుతది. వేళ్ళు పోయినోళ్ళు, కన్ను పోయినోళ్ళు మన ఊర్లల్ల ఉన్నరు. "పటాకి పేలింది" అని చెప్తరు ఆస్పత్రిల.

సరే, లైసెన్స్ వచ్చింది అనుకుందాం. లైసెన్స్ ఉన్న డీలర్ దుకాణంల నిలబడ్డరు. ఏం చూడాలె?

మందును అంటించే పద్ధతిని బట్టి భర్మార్లు రెండు మూడు రకాలు. పాతకాలంది చెకుముకి రాయిది, సుత్తికి రాయి బిగించి ఉంటది, ఉక్కు మీద కొడితే నిప్పురవ్వ పడి మందు అంటుకుంటది. చూడనీకి బ్రహ్మాండంగా ఉంటది. కానీ గాలికి, వానకు సతాయిస్తది, రాయి అరుగుతది, నొక్కినాక పేలేదాకా ఒక క్షణం ఆలస్యం, ఆ క్షణంల కొత్తోని చెయ్యి కదులుతది. రెండోది టోపీది. నిపుల్ మీద చిన్న రాగి టోపీ పెడితే సుత్తి దాన్ని కొట్టి నిప్పు పుట్టిస్తది. మొదటిసారి కొనేటోనికి నా ఓటు దీనికే. తక్కువ భాగాలు, తక్కువ తలనొప్పి. మన దేశంల దొరికేది కూడా ఎక్కువ ఇదే. బీహార్ ముంగేర్‌ల, జమ్మూల లైసెన్స్ ఉన్న చిన్న చిన్న ఫ్యాక్టరీలు ఉన్నయి. ముంగేర్ అనంగానే దొంగ తుపాకులే గుర్తొస్తయి గానీ, అక్కడ సక్రమంగా చేసేటోళ్ళూ తరాల నుంచి ఉన్నరు.

గొట్టం మీద ప్రూఫ్ ముద్ర, నెంబర్ ఉన్నయా? అవి లైసెన్స్ కాగితంల ఎక్కేవే. సెకండ్ హ్యాండ్ అయితే గొట్టం బయట వేలితోని మెల్లగా రాసుకుంట పోండ్రి, ఎక్కడన్న ఉంగరం లెక్క ఉబ్బు తగులుతుందా? తగిలితే దండం పెట్టి బయటికి రండ్రి, ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. ఎప్పుడో ఒకసారి గుండును పూర్తిగా కిందిదాకా దట్టించకుండా, మందుకూ గుండుకూ నడుమ ఖాళీ ఉంచి పేల్చిండ్రన్న మాట. లోపల టార్చి వేసి తుప్పు గుంటలు చూడుండ్రి. సుత్తిని సగం గుంజి ఆపితే ఆగాలె, ఆ స్థితిల ట్రిగ్గర్ నొక్కినా పడొద్దు. పడితే తాళం అరిగిపోయింది. నిపుల్ ఊడి వస్తదా, కొత్తది దొరుకుతదా అడగండ్రి. కర్ర బట్‌కు పగుళ్ళు, ముఖ్యంగా చేత్తోని పట్టుకునే సన్నటి మెడ దగ్గర. మెరుగు, నగిషీ వీటికి పైసలు పెట్టకుండ్రి, పంది నగిషీ చూడదు.

ధర అంటే తుపాకీ ధర ఒక్కటే అనుకుంటం. కాదు. బీరువా లేకుంటే కొనాలె, మందు, టోపీలు లైసెన్స్ మీదనే, అదీ ఎంత రాసి ఉంటే అంతే, దాని కోసం డీలర్ ఉన్న టౌన్‌కు పోవాలె. ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషన్‌ల డిపాజిట్ చేయాలె, మన దగ్గర ఎన్నికలకు కొదవ లేదు. ఇగ కడుగుడు. నల్లమందు మసి ఉప్పు లెక్క, గాలిల తడిని గుంజుకొని ఇనుమును తింటది. పేల్చిన రోజే వేడి నీళ్ళు, సబ్బుతోని కడిగి, తుడిచి, నూనె రాయాలె. రేపు చూద్దాం అన్నోని తుపాకీ ఒక వానాకాలంల పోతది. బద్ధకం ఉన్నోళ్ళు భర్మార్ జోలికి పోవద్దు. నేను పోను.

ఇదే ప్రశ్న నాకు అమెరికా నుంచి కూడా వచ్చింది. నాతోని బీటెక్ చదివినోడు, ఇప్పుడు టెక్సాస్‌ల హెచ్-1బి మీద ఉన్నడు. ఆఫీసుల తెల్లోళ్ళు జింకల వేటకు తీసుకపోతరట, వీనికీ ఒక మజిల్ లోడింగ్ రైఫిల్ కావాలె. అక్కడ సంగతి మొత్తం ఉల్టా. అక్కడి 1968 ఫెడరల్ చట్టం మామూలు మజిల్ లోడర్‌ను పాతకాలపు వస్తువు కింద చూస్తది, తుపాకీ లెక్కల వేయదు. అదే మామూలు తుపాకీ అయితే హెచ్-1బి, ఎఫ్-1 మీద ఉన్నోళ్ళకు నిషేధం, వేట లైసెన్స్ లాంటి మినహాయింపు ఉంటే తప్ప. కానీ రాష్ట్రాల చట్టాలు వేరు, న్యూజెర్సీ మజిల్ లోడర్‌ను కూడా తుపాకీ కిందనే చూస్తది. వీసా మీద ఉన్నోడు షాపువాడు "పర్లేదు బ్రో" అన్నడని కొనొద్దు, వకీలును అడిగినంకనే.

వానికి నేను చెప్పింది ఇది. సైజు .50, అక్కడ అన్నిట్లకన్న ఎక్కువ దొరికేది అదే, గుండ్లు ఏ షాపులనైనా ఉంటయి. వేటనే ముఖ్యం అయితే ఇన్‌లైన్ రకం. 1985ల నైట్ ఎంకే-85 వచ్చినప్పటి నుంచి ఇవి దుమ్ము లేపినయి, నిప్పు సూటిగా వెనక నుంచి మందుకు తగులుతది, వెనక బిరడా ఊడదీసి కడుగొచ్చు. సీవీఏ వాళ్ళ వూల్ఫ్ లాంటిది బిగినర్లకు చౌక రకం, సుమారు 300 డాలర్ల చుట్టూ. పాత పద్ధతి మీద ఇష్టముంటే ట్రెడిషన్స్ వాళ్ళ టోపీ రకం. గాళ్ళ మెలి కూడా చూడాలె: 1:28 అంటే 28 అంగుళాలకు ఒక చుట్టు, అది కొత్తరకం పొడుగు గుండ్లకు. బట్ట చుట్టిన గుండ్రటి సీసం గుండుకు 1:66 లాంటి నిదానం మెలి. 1:48 నడిమి రకం, రెండూ నడుస్తయి, కొత్తోనికి అదే నయం. కొన్నంక మొదటి పని, ఖాళీ గొట్టంల కడ్డీ పెట్టి ఒక గీత, సరిగ్గా నింపినంక ఇంకో గీత. ఆ రెండు గీతలు ఉంటే సగం ప్రమాదాలు ఉండవు. పెన్సిల్వేనియాల క్రిస్మస్ తర్వాత సీజన్‌ల ఇప్పటికీ చెకుముకి రాయి తుపాకీతోనే వేటాడాలె. మనకు కోడెను కట్టుడు ఎట్లనో వాళ్ళకు అదట్ల.

మళ్ళ మన ఊరికి వద్దాం. లైసెన్స్ ఉన్న భర్మార్ చేతుల ఉన్నా పందిని కాల్చే హక్కు మీకు వచ్చినట్టు కాదు. ఇది చాలామందికి తెల్వది, నాకూ తెల్వదు. అడవి పంది వన్యప్రాణి చట్టం కిందికి వస్తది, 2022 సవరణల రెండో షెడ్యూల్‌ల పెట్టిండ్రు. పంట పాడు చేస్తుంటే అటవీ శాఖ అనుమతితోనే కాల్చాలె. మన రాష్ట్రంల సర్పంచులకు గౌరవ వార్డెన్ హోదా ఇచ్చి, లిస్టుల ఉన్న షూటర్లతోని కాల్పించే ఏర్పాటు తెచ్చిండ్రు. చచ్చిన పందిని పూడ్చాలె, కూర వండుకునుడు లేదు. తుపాకీ లైసెన్స్ ఒక తాళంచెవి, అటవీ అనుమతి ఇంకోటి. రెండూ కావాలె. కరెంటు తీగలు పెట్టుడు అయితే అసలు మాట్లాడొద్దు, పందికి పెట్టిన తీగకు పొద్దుగాల నీళ్ళు పెట్టబోయిన పక్క చేను రైతు పోతున్నడు.

నిశానా కొట్టుడు మీద సరదా ఉండి ఈ వీడియోకు వచ్చినోళ్ళకు ఒక్క మాట. మీకు భర్మార్ అక్కెర లేదు. 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్నది, లైసెన్స్ లేకుండా కొనుక్కోవచ్చు. గగన్ నారంగ్ 2012 లండన్‌ల కాంస్యం కొట్టింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లనే, మన హైదరాబాద్ మనిషే. పిట్టల మీదికి మాత్రం తిప్పొద్దు.

ఇగ తాత తుపాకీ. తమ్ముని చేతుల నుంచి తీసుకొని, మూతి ఖాళీ గోడ దిక్కు పెట్టి, అందరినీ బయటికి పంపి, దాన్ని అట్లనే మంచం మీద ఉంచినం. గుంజి తీసే ప్రయత్నం మేం చేయలే, మీరూ చేయకుండ్రి, కడ్డీతోని పొడిచినోళ్ళు చేతులు పోగొట్టుకున్నరు. చిన్నబాపుకు స్టేషన్‌కు పోవాలంటే భయం. ఆ భయం ఊరికే రాలే. 1978ల సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతం అన్నప్పటి నుంచి మా ఊర్లల్ల తుపాకీ ఉన్న ఇంటికి రాత్రి ఒకరు, పగలు ఒకరు వచ్చేటోళ్ళు. తాత లైసెన్స్ పోగొట్టుకోకుండా, తుపాకీ ఎవరికీ ఇయ్యకుండా ఆ దినాలు ఎట్ల వెళ్ళదీసిండో చిన్నబాపు ఆ రోజే మొదటిసారి చెప్పిండు. తాత పోయినంక కాగితం గడువు అయిపోయింది, అప్పజెప్పాలంటే "ఇన్నేండ్లు ఎందుకు పెట్టుకున్నవ్" అంటరని అటక మీదికి ఎక్కించిండు.

చట్టంల 21వ సెక్షన్ దీనికే ఉన్నది. లైసెన్స్ గడువు పోయినా, లైసెన్స్ ఉన్నాయన పోయినా, ఆలస్యం చేయకుండా దగ్గరి స్టేషన్‌ల గానీ లైసెన్స్ డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలె. మేం ఆలస్యం చేసినం, అది తప్పే. తెలిసిన వకీలుతోని ముందు మాట్లాడి, స్టేషన్‌కు ఫోన్ చేసి, తుపాకీ ఇంట్ల ఉన్నది, లోపల మందు ఉన్నది, మేం కదిలించం, మీరు రండ్రి అని చెప్పినం. వచ్చిండ్రు. రెండు మాటలు అన్నరు, పడ్డం. ఆర్మరర్ వచ్చి నూనె, నీళ్ళు పోసి నానబెట్టి, స్క్రూ ఉన్న కడ్డీతోని నిదానంగా తీసిండు. కొబ్బరి పీచు, సీసం రవ్వలు, తర్వాత నల్లటి పొడి. పిరికెడు. ఆర్మరర్ ఆ పొడిని కాగితం మీద పోసి చిన్నమ్మకు చూపించి, "అమ్మా, నీ అదృష్టం" అన్నడు. చిన్నమ్మ తమ్ముని దిక్కు చూసిన చూపు నేను వీడియో తీయలే.

2016 ఆయుధాల రూల్స్‌ల వారసులకు ఒక దారి ఉన్నది. లైసెన్స్ ఉన్నాయన చనిపోతే, లేకుంటే 70 ఏండ్లు నిండినా, 25 ఏండ్లు తుపాకీ ఉంచుకున్నా, వారసుని పేరు మీద లైసెన్స్‌కు పెట్టుకోవచ్చు. తమ్మునికి ఇంకా 20, వాని పేరు మీద కుదరదు. చిన్నబాపు పేరు మీద పెట్టినం. ఎంక్వైరీకి ఒకసారి వచ్చి పోయిండ్రు. ఇంకా తేలలే. వస్తదో రాదో, వచ్చినా ఆ గొట్టం పనికొస్తదో లేదో చూపించినంకనే.

మిగిలిన మక్క చుట్టూ పాత చీరలు కట్టినం, రెండు వారాలు పందులు రాలే, తర్వాత అలవాటు పడి వచ్చినయి. యాసంగికి పక్క చేను వాళ్ళతోని కలిసి సోలార్ కంచె వేయనీకి మాట్లాడుతున్నరు. 12 వేలు దాంట్లకే పోతయి. తాత తుపాకీ ఇప్పుడు స్టేషన్‌ల ఉన్నది, దాని రసీదు చిన్నబాపు ట్రంకు పెట్టెల, పట్టాదారు పాసుబుక్కు లోపల మడిచి పెట్టిండు. తమ్ముడు రాత్రి మెసేజ్ పెట్టిండు, "అన్నా, 21 నిండనీకి ఇంకా నాలుగు నెలలే" అని.